జర్మన్‌లో మీ పేరు చెప్పే ముందు, ఎదుటివాళ్ల పేరు అడిగే ముందు

అక్టోబర్‌లో వింటర్ సెమిస్టర్‌కి జర్మనీ వెళ్తున్నవాళ్లు విమానం ఎక్కేలోపు ఇవి చూసుకోండి.

• "జీ" అంటే మీరు, "డూ" అంటే నువ్వు. ఆఫీసులో, ఇంటి ఓనరుతో, ప్రొఫెసర్‌తో "వీ హైసెన్ జీ?" (మీ పేరేంటి?) అనే అడగాలి. తోటి స్టూడెంట్ అయితే "వీ హైస్ట్ డూ?" చాలు. పెద్దవాళ్లు డూ అనమంటే సరే, మనంతట మనం మొదలుపెట్టకూడదు.

• "ఇష్ హైసె లీల" (నా పేరు లీల) అనండి, లేదా "ఇష్ బిన్ లీల" (నేను లీల). రెండూ కలిపేసి "ఇష్ బిన్ హైస్" అన్నారో, "నేను హాట్" అని అసభ్యంగా చెప్పుకున్నట్టు అవుతుంది; మీ పేరు ఎవరికీ గుర్తుండదు, ఆ మాట మాత్రం సెమిస్టర్ అంతా గుర్తుంటుంది!

• స్పెల్లింగ్ అడిగితే ఇంగ్లిష్ అక్షరాలు చదవొద్దు. లీలని "ఎల్, ఈ, ఈ, ఎల్, ఏ" అంటే కౌంటర్ వెనకాల మనిషి "లీలె" అని రాసుకుంటారు. వాళ్లకి "ఈ" అంటే I అక్షరం, "ఏ" అంటే E అక్షరం. "ఎల్, ఏ, ఏ, ఎల్, ఆ" అనాలి. మీ పేరొక్కటి బట్టీ పట్టండి, చాలు.

• "ఫోర్‌నామె" మన పేరు, "నాఖ్‌నామె" ఇంటిపేరు. ఇంటిపేరు ముందు చెప్పే అలవాటు మనది, అందుకే తారుమారవుతుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే చెప్పండి.

• గారు పేరుకి తగిలిస్తాం. హెర్ (మగవాళ్లకి), ఫ్రావు (ఆడవాళ్లకి) మాత్రం ఇంటిపేరుకే.