అండమాన్ వారం రోజుల ట్రిప్పు: దీవులు ముందు, అడవి చివర

అండమాన్ వెళ్లేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒక్కటే. మొదట పోర్ట్ బ్లెయిర్ చూసి, బారాటాంగ్ అడవి కూడా ముగించుకుని, ఆఖరి రెండు రోజులు హేవ్‌లాక్ బీచిలో తీరిగ్గా గడుపుదాం అనుకుంటారు. తిరుగు విమానం మధ్యాహ్నానికి కదా, పొద్దున్నే షిప్పెక్కితే సరిపోతుందని లెక్క. ఆ పొద్దున సముద్రం బాగోలేదని షిప్పులు ఆపేస్తే ఆ లెక్క మొత్తం తప్పుతుంది. షిప్పు రద్దయితే కంపెనీ టికెట్ డబ్బు వెనక్కిస్తుంది గానీ, మీరు అందుకోలేకపోయిన విమానానికి ఎవరూ ఇవ్వరు. 2016 డిసెంబరులో తుఫాను వాతావరణంలో హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. అదీ సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడే.

అందుకని వరస తిప్పండి. మొదటిరోజు దిగి సెల్యులార్ జైలు చూడండి. రెండోరోజు పొద్దున షిప్పులో హేవ్‌లాక్, సాయంత్రం రాధానగర్ బీచి. మూడోరోజు డైవింగు. నాలుగోరోజు నీల్. అయిదోరోజు మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్ తిరిగొచ్చేయాలి. ఆరోరోజు బారాటాంగ్, ఏడోరోజు విమానం. అయిదోరోజు షిప్పు ఆగిపోయినా ఆరోరోజు చేతిలో ఉంటుంది. పోతే బారాటాంగ్ పోతుంది, విమానం పోదు. డైవింగుకీ విమానానికీ మధ్య ఉండాల్సిన ఎడం కూడా దీంతో దానంతటదే కుదురుతుంది.

నెలల సంగతి. నైరుతి రుతుపవనాలు మన దగ్గరికి రాకముందే, మే మూడో వారానికల్లా అండమాన్‌ను తాకుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. జనవరి నుంచి ఏప్రిల్ మొదటివారాల దాకా సముద్రం కాస్త మాట వింటుంది. డిసెంబరు సెలవుల్లోనే వెళ్లక తప్పదంటే షిప్పు ఆగితే అక్కరకొచ్చే ఆ ఆరోరోజును మాత్రం తగ్గించుకోకండి.

టికెట్ల మీద పేర్లు చూసి కంగారు పడొద్దు. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 2018 చివర్లోనే హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్ అయ్యాయి. ఆటోవాళ్లు మాత్రం ఇంకా పాత పేర్లే అంటారు. జెట్టీ, అంటే షిప్పెక్కే రేవు, పేరు మాత్రం తప్పక చూసుకోండి: సర్కారు షిప్పులు సాధారణంగా ఫీనిక్స్ బే నుంచి, ప్రైవేటువి హడ్డో నుంచి బయల్దేరతాయి. ఒకదానికి బదులు ఇంకోదానికి వెళ్లి గేటు మూసేశాక చేరేవాళ్లు ఉంటారు. గంట ముందు అక్కడుండాలి. పిల్లలతో సహా అందరికీ ఒరిజినల్ గుర్తింపు కార్డులు కావాలి. దారి తెలియకపోతే తెలుగులోనే అడిగి చూడండి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు.

కడుపులో తిప్పేవాళ్లు వాంతుల మాత్ర షిప్పెక్కాక వేసుకుంటే లాభం లేదు. డాక్టరును అడిగి, బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. రెండిడ్లీలు తినండి, ఖాళీ కడుపూ నిండు కడుపూ రెండూ చెరుపే. కింది అంతస్తులో, వెనకవైపు సీట్లలో ఊపు తక్కువ. ఫోన్ చూడకండి, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీదే కళ్లుంచండి.

సూర్యుడి విషయం చాలామందికి తట్టదు. గడియారం మనదే అయినా, ద్వీపాలు బాగా తూర్పున ఉన్నాయి. డిసెంబరులో సాయంత్రం అయిదింటికల్లా పొద్దు కుంకుతుంది. హైదరాబాదు అలవాటున ఆరింటికి బీచికి బయల్దేరితే చీకటిని చూసి రావడమే. హేవ్‌లాక్ జెట్టీ నుంచి రాధానగర్ బీచి పది కిలోమీటర్ల పైనే, మధ్యలో అడవి. స్కూటీ అద్దెకు తీసుకునేటప్పుడు బ్రేకులతో పాటు హెడ్‌లైటు వేసి చూడండి.

నీళ్లలో జాగ్రత్త ముందు మొసలి గురించి. ఇక్కడివి ఉప్పునీటి మొసళ్లు. మడ అడవులు, వాగు సముద్రంలో కలిసే చోట్లు వాటి తావులు. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న చిన్న మడుగు దగ్గర స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. వల కట్టిన చోట, లైఫ్‌గార్డు కనిపించే చోట మాత్రమే దిగండి, అదీ పొద్దు వాలక ముందే. జనం లేని బీచి ఎంత అందంగా ఉన్నా నీళ్లు మోకాలు దాటకూడదు.

నీల్‌లో రాతి వంతెన చూడాలంటే ఆటు సమయం తెలిసి వెళ్లాలి. పోటు మీదుంటే దారి నీళ్ల కిందే. ఆటుకూ పోటుకూ మధ్య సుమారు ఆరుగంటలు, రోజురోజుకూ ఆ వేళ ముప్పావుగంట పైగా ఆలస్యమవుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో నీళ్లు ఎక్కువ దూరం వెనక్కిపోతాయి, అంతే జోరుగా తిరిగొస్తాయి. అక్కడ నడిచేది ఇసుక మీద కాదు, నాచు పట్టిన చచ్చిన పగడపు దిబ్బ మీద. హవాయి చెప్పులు జారతాయి, పాత కాన్వాసు బూట్లు మేలు. గుంటల్లో నల్లటి ముళ్లబంతిలా కనిపించేది సీ అర్చిన్ అనే సముద్రజీవి. ముల్లు దిగితే పైకి కనిపించేవి మెల్లగా తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పాదం అరగంట పైగా ఉంచి, తర్వాత డాక్టరుకు చూపించాలి.

డైవింగు కొత్తవాళ్లు జలుబుంటే మానుకోవాలి. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. ముక్కు దిబ్బడేసి ఉంటే చెవిలోకి గాలి అందదు, కర్ణభేరి దెబ్బతింటుంది. ఉబ్బసం, గుండెజబ్బు ఉంటే ఫారంలో దాచకుండా రాయండి. కింద ఊపిరి బిగబట్టకూడదు. పైకొచ్చాక విమానానికి కనీసం 24 గంటల ఎడం ఉంచితే నిశ్చింత. ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, ఈలోపు విమానమెక్కితే అది బుడగలు కడుతుంది.

ఇక బారాటాంగ్. వంద కిలోమీటర్ల దారి, తెల్లవారుజామున మూడు, మూడున్నరకే బయల్దేరాలి, ఎందుకంటే జిర్కాటాంగ్ గేటు దగ్గర కాన్వాయ్‌లో చేరితేనే వదులుతారు. అక్కడే మరుగుదొడ్డికి వెళ్లిరండి, తర్వాత బండి ఎక్కడా ఆపరు. ఆ అడవి జారవా ఆదివాసులది. వాళ్లను ఫోటో, వీడియో తీయడం, వాళ్లకు తినేవి విసరడం నేరం, జైలుదాకా వెళ్తుంది. మనకు చిన్న జలుబైనది వాళ్లకు ప్రాణం మీదికి రావొచ్చు. కెమెరా బ్యాగులో పెట్టి అద్దాలు ఎక్కించండి. బారాటాంగ్‌లో చూసే సున్నపురాతి గుహలకు సాధారణంగా సోమవారం సెలవు, ఆరోరోజు ఆ వారం పడకుండా ముందే చూసుకోండి.

మడ అడవి గుండా ఆ గుహలకు తీసుకెళ్లే పడవలో లైఫ్ జాకెట్ భుజాన వేసుకుంటే చాలదు. బకిల్స్ అన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాకా లేచిందంటే అది నీళ్లలో మిమ్మల్ని వదిలి తేలిపోతుంది. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర కిక్కిరిసిన పర్యాటకుల పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. జనం ఎక్కువనిపిస్తే దిగిపోండి, ఇంకో పడవ వస్తుంది.

వానలు పడ్డాక అడవిలో జలగలుంటాయి. పొడవు సాక్సుల్లో ప్యాంటు దోపండి. పట్టుకుంటే లాగొద్దు, నిప్పు పెట్టొద్దు, సన్నగా ఉన్న కొస కిందికి గోరు జరిపి తప్పించండి. రక్తం కాసేపు ఆగకుండా కారుతుంది, జలగ లాలాజలం వల్లే. కడిగి, గుడ్డతో అదిమి పట్టుకోండి.

నీల్‌కు వెళ్లేముందు నగదు తీసుకోండి, సిగ్నల్ మీద, ఏటీఎం మీద భరోసా పెట్టుకోవద్దు. తిరుగు ప్రయాణానికి సర్దేటప్పుడు చివరి పని: పగడపు ముక్క, చచ్చినదైనా సరే, తీసుకెళ్లడానికి లేదు, బీచిలో ఏరిన గవ్వలూ అంతే. ఎయిర్‌పోర్టు స్కానర్‌లో బయటపడతాయి. పిల్లల నిక్కరు జేబులు హోటల్లోనే ఓసారి దులిపి చూడండి.