ఒక్క బుష్‌తో పోటీకి: ముందు కాటా, తర్వాతే డిజైన్

సుస్థిర తయారీ డిజైన్ పోటీకి వెళ్లే జట్లు చాలావరకు పెద్ద వస్తువు ఎత్తుకుని మధ్యలో ఇరుక్కుంటాయి. జడ్జీలు అడిగేది ఒకటే: పాత పద్ధతిలో ఎంత పోయేది, మీ పద్ధతిలో ఎంత మిగిలింది? దానికి తూచి చెప్పే అంకె కావాలి. అందుకే చిన్న భాగం పట్టుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో లేతు (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తయారయ్యే స్టీలు బుష్, అంటే ఇరుసు చుట్టూ తొడిగే గుండ్రటి బోలు ముక్క, చాలు.

బయటి వ్యాసం 48, లోపలి వ్యాసం 32, పొడవు 58 మిల్లీమీటర్ల బుష్ అనుకుందాం. దాన్ని 50 మి.మీ. రాడ్డులోంచి 60 మి.మీ. ముక్క కోసి చేస్తారు. స్టీలు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములతో లెక్కేస్తే ముక్క బరువు 925 గ్రాములు, తయారైన బుష్ 458 గ్రాములు. కొన్న ఇనుములో సగానికి పైగా, 467 గ్రాములు, తురుమై కింద పడుతోంది. ఈ లెక్కను కాగితం మీద వదిలేయకండి. షెడ్డుకెళ్లి కనీసం పది ముక్కలు తూచండి. ఒక్క ముక్క తూచి వందకు గుణిస్తే ఎవరూ నమ్మరు.

ఇప్పుడు మార్పు. రాడ్డు బదులు బయట 50, లోపల 30 ఉన్న మందపాటి సీమ్‌లెస్ (అతుకు లేని) పైపు. అదే 60 మి.మీ. ముక్క 592 గ్రాములే, తురుము 134 గ్రాములు. 32 మి.మీ. రంధ్రం కోసం ఒకదాని తర్వాత ఒకటిగా డ్రిల్లులు మార్చే పని కూడా పోతుంది, బోరింగ్ (ఉన్న రంధ్రాన్ని లోపలి నుంచి చెక్కి పెద్దది చేయడం) ఒక్కటే మిగులుతుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. పైపు గోడ చుట్టూ ఒకే మందం ఉండదు. 10 మి.మీ. గోడలో ఒక పక్క మిల్లీమీటరు తగ్గితే, బయటి అంచు పట్టి చక్కులో (లేతు మీద ముక్కను పట్టుకునే బిగింపు) బిగించినప్పుడు రంధ్రం పక్కకు జరిగి, లోపల ఒకవైపు నల్లటి పొర చెక్కుకోకుండా ఉండిపోతుంది. కొనేముందే వెర్నియర్‌తో నాలుగు చోట్ల మందం చూడండి. తేడా ఎక్కువైతే లోపల 28 ఉన్న పైపుకి మారండి. ముక్క 635 గ్రాములవుతుంది, తురుము 177. అయినా రాడ్డు కంటే చాలా మేలు. పైపు గ్రేడు రాడ్డు గ్రేడుకి సరిపోతుందో లేదో మాత్రం రాతపూర్వకంగా తెచ్చుకోండి. మెత్తటి పైపుతో చేసిన బుష్ త్వరగా అరిగితే మిగిల్చిన ఇనుమంతా రెండో బుష్ కింద పోతుంది.

కరెంటు లెక్కలోనూ జట్లు ఇలాగే దెబ్బతింటాయి. క్లాంప్ మీటరుతో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) ఆంపియర్లు చూసి, పవర్ ఫ్యాక్టర్ (తీసుకునే కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా) 0.85 అని వేసుకుంటారు. లోడు లేకుండా తిరిగే మోటారుకి అది 0.3 దాకా పడిపోతుంది, కాబట్టి మీ అంకె రెండు మూడు రెట్లు పెరిగి కనిపిస్తుంది. త్రీ ఫేజ్ ఎనర్జీ మీటరు పెట్టి, ఊరికే తిరిగే సమయం, కోసే సమయం విడివిడిగా రాయండి. యూనిట్లను కార్బన్‌గా మార్చడానికి మన గ్రిడ్‌కి యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకోవచ్చు.

తురుమంతా వృథా అని రాయకండి. అది తుక్కు కొట్టుకి వెళ్లి మళ్లీ కరుగుతుంది. మీరు నిజంగా తగ్గించింది కొన్న ఇనుము: లోపల 30 ఉన్న పైపుతో ముక్కకు 333 గ్రాములు, నూరు బుష్‌లకు 33 కిలోలు. పైపు తయారీకి అదనంగా అయ్యే శక్తి, కిలో ధరలో తేడా కూడా మీరే ముందు చెప్పండి. దాచిపెట్టారని జడ్జి కనిపెడితే మిగతా అంకెలన్నీ అనుమానంలో పడతాయి.

పోటీ బల్ల మీద రెండు గాజు సీసాలు పెట్టండి, ఒకదానిలో రాడ్డు తురుము, ఇంకోదానిలో పైపు తురుము. తూచేముందు కూలెంట్ (కోసేటప్పుడు వేడి తగ్గించడానికి పోసే ద్రవం) తడి పూర్తిగా ఆరనివ్వాలి. ముక్క బరువులోంచి బుష్ బరువు తీసేస్తే వచ్చే అంకెకి సీసాలోని తురుము బరువు దగ్గరగా రావాలి. ఎక్కువ వస్తే తడి ఉండిపోయింది, తక్కువ వస్తే లేతు కింద ఇంకా ఊడ్వాల్సింది ఉంది.