కూల్చేయబోయే పాత ఇంటిని వేరే చోటికి జరిపి, ప్రభుత్వ నిధులతో బాగుచేసి, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబానికి అమ్మడం ఎలా?

అమెరికాలో రోడ్డు వెడల్పుకో పార్కింగ్‌కో అడ్డొచ్చిన పాత ఇంటిని "ఎత్తుకుపోతామంటే ఊరికే ఇచ్చేస్తాం" అని యజమానులు అనడం కొత్తేమీ కాదు. కూల్చే ఖర్చు వాళ్లకు మిగులుతుంది. అక్కడ చాలా ఇళ్లు చెక్క చట్రంతో కట్టినవే కాబట్టి కింద ఉక్కు దూలాలు దూర్చి, జాకీలతో లేపి, చక్రాల మీదికి ఎక్కించి లాక్కెళ్లొచ్చు. కానీ ఉచితంగా వచ్చేది ఇల్లు ఒక్కటే, ఆ తర్వాత ప్రతిదానికీ బిల్లు ఉంటుంది.

ముందే ఒక మాట. ఈ డబ్బు మామూలుగా ఒక కుటుంబం చేతికి నేరుగా రాదు. కేంద్రం రాష్ట్రానికో నగరానికో ఇస్తుంది, అక్కడి నుంచి లాభాపేక్ష లేని గృహ సంస్థకు వస్తుంది, ఆ సంస్థ ఇంటిని బాగుచేయించి తక్కువ ధరకు అమ్ముతుంది. కాబట్టి ఇది ఎక్కువగా అలాంటి చిన్న సంస్థలు నడిపేవాళ్ల కోసం.

మొదట స్థలం చూడండి, ఇల్లు కాదు

ఇంటి ఫొటోలు చూసి మనసు పారేసుకుని స్థలం తర్వాత వెతుక్కుందాంలే అనుకుంటే అయిపోయినట్టే. పన్నులు కట్టక నగరం చేతికొచ్చిన ఖాళీ స్థలాలు ఉన్నాయేమో అడగండి, చవగ్గా వస్తాయి. జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే నగర నిబంధనలు) ఒప్పుకుంటుందా, ఇల్లు ఆ కొలతల్లో పడుతుందా, వరద ముంపు ఉందా, మురుగు పైపు దగ్గర్లో ఉందా? ఇవి తేలాక ఇల్లు జరిపే కాంట్రాక్టర్‌ను తీసుకెళ్లి దారి మొత్తం చూపించండి, ఎందుకంటే దూరం కంటే దారిలో ఉన్న కరెంటు తీగలు, చెట్లు, వంతెనలే ఖర్చును నిర్ణయిస్తాయి.

డబ్బు ఎక్కడి నుంచి?

ముఖ్యమైనవి రెండు, రెండూ కేంద్ర గృహ, పట్టణాభివృద్ధి శాఖవే, అందరూ హడ్ అంటారు. 1974 చట్టంతో వచ్చిన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్ ఒకటి, 1990 చట్టంతో వచ్చిన హోమ్ పథకం రెండోది. హోమ్ డబ్బు పడితే కొనే కుటుంబం ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటకూడదు, కుటుంబంలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి ఆ అంకె మారుతుంది. వాళ్లు అందులోనే కాపురం ఉండాలి, అద్దెకిచ్చుకుంటామంటే కుదరదు. బ్లాక్ గ్రాంట్‌లో ఇంకో మెలిక ఉంది: పాత ఇంటి బాగుచేతకు ఇస్తారు, కొత్త ఇల్లు కట్టడానికి సాధారణంగా ఇవ్వరు. కొత్త పునాది మీద కూర్చున్న పాత ఇల్లు వాళ్ల లెక్కలో ఏదవుతుందో నగర గృహ విభాగాన్ని ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి, ఫోన్‌లో "పర్లేదు" అన్నారని ముందుకెళ్లొద్దు.

సంతకం పెట్టకముందే ఆగండి

చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. కేంద్ర నిధులు కావాలంటే పర్యావరణ సమీక్ష పూర్తయ్యి, నిధులు వాడుకోవచ్చని అనుమతి వచ్చేదాకా కొనకూడదు, పనికి ఒప్పందం చేసుకోకూడదు, ఇంటిని కదపకూడదు. మీ సొంత డబ్బుతో మొదలుపెట్టినా సరే, ఆ ప్రాజెక్టుకు కేంద్ర డబ్బు రాకుండా పోవచ్చు. ఇంటి యజమానేమో "నెలాఖరుకల్లా ఖాళీ కావాలి" అని తొందరపెడతాడు, ఇక్కడ టెన్షన్ మొదలవుతుంది. సమీక్ష ఫలితానికి లోబడి, నామమాత్రపు సొమ్ముతో స్థలానికి ఆప్షన్ ఒప్పందం (తర్వాత కొనే హక్కును మీకు అట్టిపెట్టేది) రాసుకునే వీలు నిబంధనల్లోనే ఉంది, దాన్ని వాడుకోండి.

50 ఏళ్లు దాటిన ఇల్లయితే 1966 నాటి చారిత్రక పరిరక్షణ చట్టం కింద కూడా పరిశీలన ఉంటుంది. ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఉంటే, వాళ్లను ఖాళీ చేయించినందుకు 1970 చట్టం ప్రకారం సాయం చేయాల్సి రావచ్చు. దీన్ని మర్చిపోతే బడ్జెట్ తలకిందులవుతుంది.

బిల్లు ఎంతవుతుంది?

జరిపేవాడు చెప్పిన రేటు చూసి మోసపోకండి. అందులో పునాది ఉండదు, తీగలు పైకెత్తడానికి విద్యుత్ సంస్థ తీసుకునేది, పోలీసు కాపలా, పర్మిట్లు, పాత చోట గొయ్యి పూడ్చి పైపులు మూయించడం చాలాసార్లు ఉండవు. ఇటుక పొగగొట్టం ముందే విప్పేయాల్సి రావచ్చు, లోపలి ప్లాస్టర్ పగుళ్లివ్వడం మామూలే. కొత్త చోట వైరింగ్, ప్లంబింగ్ ఇప్పటి భవన నిబంధనలకు (కోడ్) తగ్గట్టు మార్చమంటారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ గోడలకున్న పాత, విషపు సీసం (లెడ్) కలిసిన రంగు. 1978కి ముందు కట్టిన ఇంటికి కేంద్ర సాయంతో చేసే బాగుచేత 25,000 డాలర్లు దాటితే, సీసం ప్రమాదాన్ని పైపైన కప్పేస్తే సరిపోదు, శాశ్వతంగా తొలగించాలి. పాత ఇల్లంటే దాదాపు ప్రతిదీ 1978కి ముందుదే కాబట్టి దీన్ని మొదటి రోజే లెక్కలో వేయండి. అనుకోని ఖర్చులకు నేనైతే 15 శాతం పక్కన పెడతాను, అంతకన్నా తక్కువంటే నాకు నిద్ర పట్టదు.

ఇంకోటి, గ్రాంటు సొమ్ము చాలావరకు ఖర్చుపెట్టి రసీదులు ఇచ్చాకే వస్తుంది, కాంట్రాక్టరేమో అడ్వాన్స్ అడుగుతాడు. మధ్యలో నెట్టుకురావడానికి బ్యాంకు నుంచి అప్పు సదుపాయం సిద్ధంగా ఉంచుకోండి. ఇల్లు చక్రాల మీద ఉన్నప్పుడు ఎవరి బీమా వర్తిస్తుంది, పునాది మీద దిగి పని నడుస్తున్నప్పుడు ఎవరిది అన్నది కూడా కాగితం మీద ఉండాలి.

అమ్మేటప్పుడు

పని నడుస్తుండగానే కొనేవాళ్లను వెతకండి. హోమ్ డబ్బు ఉంటే కొనే కుటుంబం గృహ సలహా (ఇల్లు కొనడం గురించి నిపుణుల కౌన్సెలింగ్) తీసుకోవడం తప్పనిసరి, గడువులోగా ఇల్లు అమ్ముడవకపోతే మీ సంస్థే దాన్ని అద్దెకివ్వాల్సిన పరిస్థితి వస్తుంది. సాయం ఎంతన్నదాన్ని బట్టి 5, 10 లేదా 15 ఏళ్ల షరతు ఉంటుంది. ఈలోపు ఆ కుటుంబం ఇల్లు అమ్ముకుంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకే అమ్మాలి, లేదా సాయం మొత్తమో, అందులో కొంతో తిరిగి కట్టాలి. ఈ రెండిట్లో ఏది వర్తిస్తుందో కొనేవాళ్లకు అర్థమయ్యే మాటల్లో కూర్చోబెట్టి చెప్పండి, లేకపోతే ఎనిమిదేళ్ల తర్వాత వచ్చి "మాకెవరూ చెప్పలేదు" అంటారు, వాళ్ల తప్పూ కాదు. షరతు గడువు దాటాక కూడా ధర అందుబాటులో ఉండాలనుకుంటే స్థలాన్ని కమ్యూనిటీ లాండ్ ట్రస్టు (ఊరివాళ్ల కోసం స్థలాన్ని తన దగ్గరే ఉంచుకునే లాభాపేక్ష లేని సంస్థ) పేర ఉంచి, ఇల్లు మాత్రమే అమ్మి, స్థలాన్ని 99 ఏళ్ల లీజుకిచ్చే పద్ధతి ఉంది.

ఏ సంస్థా లేకుండా సొంతంగా చేయాలనుకునే కుటుంబమైతే గ్రాంటు వెంట పడకుండా ఎఫ్‌హెచ్‌ఏ 203(కె) రుణం (ఇల్లు కొనడానికీ బాగుచేయడానికీ కలిపి, కేంద్ర గృహ సంస్థ బీమాతో బ్యాంకు ఇచ్చే అప్పు) గురించి బ్యాంకులో అడగండి. పాత ఇంటిని కొత్త పునాది మీదికి జరపడం కూడా దాని కిందికి వస్తుంది.