ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేసినా సాఫ్ట్‌వేర్‌లలోని డేటా పోకుండా ఎలా చూసుకోవాలి?

ఫార్మాట్ అనగానే చాలామంది డెస్క్‌టాప్ మీదున్నవి, డాక్యుమెంట్స్, ఫోటోలు కాపీ కొట్టుకుని పని అయిపోయింది అనుకుంటారు, తీరా విండోస్ వేసి సాఫ్ట్‌వేర్‌లన్నీ ఎక్కించాక చూస్తే మెయిల్ ఖాళీ, బుక్‌మార్కులు లేవు, స్టిక్కీ నోట్స్ లేవు, సగం ఆడిన గేమ్ మళ్లీ మొదటి లెవెల్ నుంచి. సాఫ్ట్‌వేర్‌దేముంది, ఇంకోసారి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, దాన్లో ఏళ్ల తరబడి మనం పోగేసుకున్నది మాత్రం ఎక్కడా దొరకదు. అందుకే ఫార్మాట్‌కి ముందు ఒక పూట దీనికే కేటాయించండి. విండోస్ 10 అయినా 11 అయినా పద్ధతి ఇదే.

స్టెప్ 1: లిస్టు రాసుకోండి

గుర్తున్నవి రాసుకుంటే సరిపోదు, సెట్టింగ్స్‌లో యాప్స్ లిస్టు తెరిచి ఒక్కొక్కటీ చూసుకుంటూ రాయండి. ప్రతి దాని పక్కన ఇందులో నా డేటా అకౌంట్‌లో ఉందా, ఈ మెషీన్‌లోనే ఉందా అని రాసుకోండి. అకౌంట్‌లో ఉంది అనుకున్నవాటిని ఫోన్ నుంచో వేరే కంప్యూటర్ నుంచో లాగిన్ అయ్యి కళ్లతో చూడండి, సింక్ ఎప్పుడో ఆగిపోయి ఉన్నా మనకి తెలీదు.

స్టెప్ 2: దాక్కున్న ఫోల్డర్లు పట్టుకోండి

అసలు పని ఇదే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ కనపడేలా టిక్ పెట్టండి. ఇప్పుడు సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిస్తే యాప్‌డేటా అని కొంచెం మసగ్గా ఒక ఫోల్డర్ కనిపిస్తుంది, దాన్లో రోమింగ్, లోకల్, లోకల్‌లో (LocalLow) అని మూడుంటాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, థండర్‌బర్డ్ మెయిల్ సాఫ్ట్‌వేర్‌ల ప్రొఫైల్స్ (మీ డేటా, సెట్టింగులు ఉండే ఫోల్డర్లు) రోమింగ్‌లో ఉంటాయి. క్రోమ్‌ది లోకల్ ఫోల్డర్‌లో గూగుల్ ఫోల్డర్ కింద యూజర్ డేటా అని ఉంటుంది, స్టిక్కీ నోట్స్ కూడా లోకల్ ఫోల్డర్‌లోనే ప్యాకేజెస్ కింద ఉంటాయి. గేముల సేవ్ ఫైళ్లకి ఒక చోటు అంటూ లేదు, LocalLow ఫోల్డర్, డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్, మీ పేరు ఫోల్డర్‌లోనే ఉండే సేవ్డ్ గేమ్స్ ఈ మూడూ వెతకండి. ఇవి కాక సీ డ్రైవ్ మొదట్లోనే ప్రోగ్రామ్‌డేటా అని ఇంకో హిడెన్ ఫోల్డర్ ఉంటుంది, అదీ వదలొద్దు.

అవుట్‌లుక్ వాడేవాళ్లు జాగ్రత్త. సర్వర్‌లోని మెయిల్స్‌కి కాపీ లాంటి ఓఎస్‌టీ (.ost) ఫైల్ పోయినా సర్వర్ నుంచి మెయిల్స్ మళ్లీ దిగుతాయి కానీ మెయిల్స్‌ని ఈ కంప్యూటర్‌లోనే దాచే పీఎస్‌టీ (.pst) ఫైల్ అలా కాదు, ముఖ్యంగా పాప్ (POP, మెయిల్స్‌ని కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి) అకౌంట్ అయితే మెయిల్స్ దించుకున్నాక సర్వర్‌లో తీసేసి ఉండొచ్చు, అప్పుడు మీ పాత మెయిల్స్‌కి ఆ ఒక్క ఫైలే దిక్కు. మామూలుగా డాక్యుమెంట్స్‌లో అవుట్‌లుక్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది.

బ్యాకప్ పెట్టే డిస్కులో చోటుంటే ఏరుకుంటూ కూర్చోకుండా యూజర్స్ కింద మీ ఫోల్డర్ మొత్తం కాపీ చేసేయండి, నా ఓటు దీనికే. కాపీకి ముందు సాఫ్ట్‌వేర్‌లన్నీ మూసేయండి, టాస్క్‌బార్ మూలన గడియారం పక్కన నడుస్తున్నవి కూడా, లేకపోతే కొన్ని ఫైళ్లు లాక్ అయ్యి కాపీ కావు.

స్టెప్ 3: కాపీ కొడితే రానివాటి సంగతి

క్రోమ్, ఎడ్జ్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు ఆ పాత విండోస్ యూజర్ అకౌంట్‌తో ముడిపెట్టి ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, కాబట్టి ఫోల్డర్ మొత్తం తెచ్చి పెట్టినా, అదే యూజర్ పేరు అదే పాస్‌వర్డ్ పెట్టుకున్నా అవి తెరుచుకోవు. సింక్ ఆన్ చేసుకోండి లేదా పాస్‌వర్డ్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, కాకపోతే ఆ ఎక్స్‌పోర్ట్ ఫైల్‌ని ఎవరు తెరిచినా పాస్‌వర్డ్‌లన్నీ కనిపిస్తాయి, పని అవగానే డిలీట్ చెయ్యండి.

మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్‌లు నడుస్తుండగా ఫోల్డర్ కాపీ చెయ్యొద్దు, డంప్ (డేటా మొత్తాన్ని ఒక ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్యడం) తీసుకోండి. సెట్టింగులు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు, సాఫ్ట్‌వేర్‌ల సెట్టింగులు దాచుకునే చోటు) దాచుకునే సాఫ్ట్‌వేర్ ఉంటే రెజ్‌ఎడిట్ (regedit) తెరిచి కరెంట్ యూజర్ (HKEY_CURRENT_USER) కింద సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క పేరు మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టండి, మొత్తం రిజిస్ట్రీ తెచ్చి కొత్త విండోస్‌లో కలపడం మాత్రం వద్దు. ఇన్ని కంప్యూటర్లకే అని పరిమితి ఉన్న లైసెన్సులు పాత విండోస్‌లో ఉండగానే డీయాక్టివేట్ చేసుకోండి. డీ డ్రైవ్‌కి బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉంటే 48 అంకెల రికవరీ కీ కంప్యూటర్ బయట ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

స్టెప్ 4: బ్యాకప్ తీసి, తెరిచి చూడండి

డీ డ్రైవ్‌లో పెట్టాను కదా అంటారు చాలామంది, కానీ అది చాలాసార్లు అదే డిస్కులో ఇంకో భాగం (పార్టిషన్) అంతే, పైగా విండోస్ సెటప్‌లో సీ, డీ అని అక్షరాలు రాకుండా పార్టిషన్ నంబర్లు, సైజులే కనపడతాయి, అక్కడ తప్పుదాని మీద క్లిక్ పడితే బ్యాకప్ కూడా పోతుంది. బయటి హార్డ్‌డిస్క్‌లోనే పెట్టండి. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ కానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ కానీ ఉండాలి. కాపీ అయ్యాక ఫోల్డర్ సైజులు పోల్చి, ఒకట్రెండు ఫైళ్లు ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. కంప్యూటర్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ అయితే ఇంకా జాగ్రత్త, ఫార్మాట్ అయ్యాక ట్రిమ్ (వాడని చోటుని ఎస్‌ఎస్‌డీ తుడిచేసే ఏర్పాటు) వల్ల పాత డేటా చెరిగిపోతుంది, రికవరీ సాఫ్ట్‌వేర్‌ల మీద ఆశ పెట్టుకోలేం.

స్టెప్ 5: విండోస్ వేయండి

ఫార్మాట్ కొట్టకుండా ఉన్న పార్టిషన్ మీదే కొత్త విండోస్ వేస్తే పాతదంతా విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి పోతుంది, మర్చిపోయినవి అందులోంచి తీసుకోవచ్చు. దాన్ని మామూలుగా 10 రోజుల తర్వాత విండోసే తీసేస్తుంది, ఆలోపే చూసుకోండి.

స్టెప్ 6: వెనక్కి పెట్టే వరుస

ముందు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి ఒక్కసారి తెరవండి, దాని ఫోల్డర్ అదే తయారు చేసుకుంటుంది, తర్వాత పూర్తిగా మూసేసి అప్పుడు పాత ఫోల్డర్ తెచ్చి దాని స్థానంలో పెట్టండి. వెర్షన్ పాతదానితో సమానంగానో కొత్తగానో ఉండాలి, వెనకటి వెర్షన్ వేస్తే డేటా చదవలేకపోవచ్చు. పాత ఫోల్డర్ తెరుస్తుంటే పర్మిషన్ లేదని వస్తే కంగారు పడొద్దు, కొత్త విండోస్‌కి మీరు కొత్త మనిషి, అడ్మిన్ అకౌంట్‌లో ఉండి కంటిన్యూ నొక్కితే చాలాసార్లు తెరుచుకుంటుంది.

డీ డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్‌ల ఫోల్డర్లు అలాగే ఉన్నా రిజిస్ట్రీ కొత్తది కాబట్టి చాలావరకు నడవవు, లోపలి డేటా పక్కకి కాపీ తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యండి. స్టీమ్ గేములకి ఆ బాధ లేదు, స్టీమ్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి పాత లైబ్రరీ ఫోల్డర్ చూపిస్తే గేములు మళ్లీ దించుకోకుండానే వచ్చేస్తాయి.

బ్యాకప్‌ని మాత్రం వెంటనే చెరపకండి, నెలకోసారి తెరిచే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఉంటుంది, అందులో ఏం పోయిందో తెరిచినప్పుడే తెలుస్తుంది.