బాడీ కిట్ కొనడం ఈజీయే, కారుకి కూర్చోబెట్టడమే అసలు పని

నా దగ్గర 2017 టయోటా 86 ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. డల్లాస్ పక్కనే ఉంటాం. కొన్న ఆర్నెల్లకే ముందు లిప్పు (ముందు బంపర్ కింద అంచుకి తగిలించే పట్టీ), సైడ్ స్కర్టులు (తలుపుల కింద పక్కలకి వేసే పట్టీలు), వెనక డిఫ్యూజర్ (వెనక బంపర్ కింద వచ్చే ముక్క) వేసేద్దామని దురద పుట్టింది. ఆ పని రెండుసార్లు చేయాల్సొచ్చింది, ఎందుకంటే మొదటిసారి పార్టులు ఇంటికి రాగానే ఒక్కసారి కూడా కారుకి పెట్టి చూడకుండా నేరుగా పెయింట్‌కి పంపేశా. మెరిసిపోతూ తిరిగొచ్చాయి గానీ ఎడమ స్కర్టు వెనక టైరు దగ్గర వేలు దూరేంత ఎడంగా నిలబడింది. పెయింట్ వేసిన ముక్కని అమ్మినోళ్లు వెనక్కి తీసుకోరు, వేడి చేసి వంచుదామంటే పెయింట్ పాడవుతుంది, అలా 650 డాలర్ల పెయింట్ పని గోడకేసిన సున్నం అయిపోయింది. లిప్పు ధర మాత్రం 180 డాలర్లే, అది గుర్తుపెట్టుకోండి. బాడీ కిట్‌లో డబ్బులు తినేది కిట్టు కాదు, దాన్ని సరిచేసి రంగేసి కూర్చోబెట్టడం.

ముందు మీకేం కావాలో తేల్చుకోండి

లిప్పు, స్కర్టులు, డిఫ్యూజర్, చిన్న స్పాయిలర్ లాంటివి కంపెనీ బంపర్‌ని కదపకుండా దాని మీద తగిలించేవి. నచ్చకపోతే పీకేసి మళ్లీ పాత కారు చేసుకోవచ్చు. రెండో రకంలో బంపరే మారుతుంది. మూడోది వైడ్ బాడీ, అంటే చక్రాల మీదుండే ఫెండర్లు వెడల్పు చేయడం. జపాన్‌లో క్యోటో నుంచి కేయ్ మియురా చేసే రాకెట్ బన్నీ కిట్లు, నగోయా దగ్గర లిబర్టీ వాక్ వాళ్లవి, పోర్షేలకైతే ఆర్‌డబ్ల్యూబీ షాపు నకాయ్ చేసేవి, ఇవన్నీ ఆ బాపతే. నకాయ్ అయితే విమానమెక్కి మీ ఊరొచ్చి తన చేత్తోనే ఫెండర్లు కోసి బిగిస్తాడు, ఆ పని ఎంత కష్టమో దాన్ని బట్టే అర్థం చేసుకోండి. ముందు ఫెండర్ అంటే బోల్టులతో ఉంటుంది, కోసి పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు, వెనక ఫెండర్, అంటే క్వార్టర్ ప్యానెల్, మాత్రం బాడీతో కలిపి వెల్డ్ చేసి ఉంటుంది, అది కోశాక మళ్లీ వెల్డింగు చేసి సీలర్ పూయకపోతే లోపల్నించి తుప్పు పడుతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. పైగా వెడల్పు ఫెండర్లకి తగ్గ వెడల్పు చక్రాలు, టైర్లు కూడా కొనాలి, లేకపోతే పెద్దన్న చొక్కా తొడుక్కున్న చిన్నపిల్లాడిలా ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లు లిప్పు, స్కర్టులతో ఆగండి, నా మాట వినండి. లీజు కారైతే అసలు ముట్టుకోకండి, సొమ్మొకడిది సోకొకడిది వ్యవహారం అవుతుంది.

ఏ మెటీరియల్ అనేది చాలామంది పట్టించుకోరు, ఫోటో చూసి ఆర్డర్ పెట్టేస్తారు. ఫైబర్‌గ్లాస్ చవక, షేపు బాగుంటుంది, రిపేరు చేసుకోవచ్చు, కానీ పార్కింగ్ స్టాపర్‌కి కొడితే టప్‌మని పగుల్తుంది, ఫిట్టింగ్ కూడా ఒక్కో ముక్కకి ఒక్కోలా వస్తుంది. పాలీయురేథేన్ రబ్బరులా వంగుతుంది, రోజూ తిరిగే కారుకి నేను దీన్నే చెప్తా, అయితే బరువెక్కువ, పెయింట్ పట్టాలంటే ముందు అతుక్కునేలా చేసే అడ్హీషన్ ప్రమోటర్ కొట్టాలి, వంగినా పగలకుండా పెయింట్‌లో ఫ్లెక్స్ ఏజెంట్ కలపాలి. ఏబీఎస్ ప్లాస్టిక్ తేలిక, ఫిట్టింగ్ బాగుంటుంది. కార్బన్ ఫైబర్ అందంగా ఉంటుంది, ఖరీదూ అలాగే ఉంటుంది, పైన యూవీ క్లియర్ కోటు లేకపోతే ఎండకి పచ్చబడిపోతుంది, టెక్సస్ ఎండకైతే చెప్పక్కర్లేదు.

ఇంకోటి, మోడల్ ఇయర్. అమెరికాలో ఇదే కారు 2013 నుంచి 2016 వరకు సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్ పేరుతో అమ్మారు, 2017 నుంచి టయోటా 86 అయింది, అప్పుడే ముందు బంపర్ మారింది. పాత లిప్పు కొత్త బంపర్‌కి పట్టదు. సుబారు బీఆర్‌జెడ్ దీనికి అన్నదమ్ముడే అయినా దాని బంపర్ వేరు. 2022 నుంచి వచ్చే జీఆర్86కైతే బాడీయే వేరు. "86కి సరిపోతుంది" అని రాసుంటే చాలదు, సంవత్సరం, ట్రిమ్ (అంటే వేరియంట్) రెండూ చూడండి.

డబ్బా వచ్చాక

ట్రక్కులో పెద్ద డబ్బా వస్తే డ్రైవర్ కాగితం మీద సంతకం అడుగుతాడు, తొందరపడకండి, ఆయన ముందే విప్పి చూసి విరిగుంటే అదే కాగితం మీద రాసి, ఫోటో తీశాకే సంతకం పెట్టండి. నా పాలీ లిప్పు పొడుగు డబ్బాలో వంగిపోయి వచ్చింది, చూసి గుండె జారింది గానీ చదునుగా ఉన్న వాకిట్లో గంటసేపు ఎండలో పెడితే దానంతటదే సాఫైపోయింది.

ఇప్పుడు పెయింట్‌కి ముందు బిగించి చూడటం, అంటే టెస్ట్ ఫిట్. కారుని జాక్‌తో లేపి జాక్ స్టాండ్ల మీద పెట్టండి, ఉత్త జాక్ మీద నిలబెట్టి కిందకి దూరడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. చక్రం పైన ఫెండర్ లోపలుండే లైనర్ స్క్రూలు, బంపర్ పైనా కిందా ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు తీయండి, పాత క్లిప్పులు సగం విరుగుతాయి కాబట్టి ఒక ప్యాకెట్ ముందే కొని పెట్టుకోండి. బంపర్ లాగే ముందు ఫెండర్ అంచుకి మాస్కింగ్ టేపు అంటించండి, లేకపోతే గీతలు పడతాయి, ఫాగ్ లైట్ల వైర్లు ఊడదీయడం మర్చిపోకండి, ఇంకో మనిషి సాయం ఉండాలి. మా ఆవిడ "ఇది కారా, మటన్ కొట్టు దగ్గర వేలాడే పొట్టేలా" అంది ఆ టైంలో, నిజంగానే అలాగే కనిపిస్తుంది. లోపలుండే లోహపు బీమ్, దాని ముందుండే ఫోమ్ కనిపిస్తాయి, కొత్త బంపర్ పట్టట్లేదని వాటిని కోసేవాళ్లున్నారు, గుద్దుకున్నప్పుడు దెబ్బ తీసుకునేవి అవే, వాటి జోలికి పోవద్దు.

ముక్కని మధ్యలోంచి మొదలెట్టి రెండు పక్కలకీ టేపుతో అంటించుకుంటూ వెళ్లండి. రెండు వైపులా గ్యాపు సమానంగా ఉందా, చక్రం పూర్తిగా తిప్పినప్పుడు తగులుతుందా, తలుపు తెరుచుకుంటుందా చూసుకోండి, తర్వాత పది అడుగులు వెనక్కొచ్చి నిలబడి చూడండి, దగ్గర్నించి కనపడని వంకర దూరం నుంచి కనపడుతుంది. పాలీయురేథేన్ అయితే హీట్ గన్‌తో మెల్లగా వంచొచ్చు. ఫైబర్‌గ్లాస్ అయితే ఎక్కువున్న చోట అరగదీయాలి, మాస్కు, గ్లోవ్స్ తప్పనిసరి, ఆ పొడి ఒంటి మీద పడితే రాత్రంతా దురదే. రంధ్రాలు ఎక్కడ రావాలో ఇప్పుడే మార్కు చేసి, డ్రిల్లు కూడా ఇప్పుడే కొట్టేయండి.

అంతా కుదిరాకే పెయింట్. ఫైబర్‌గ్లాస్ ముక్కల మీద అచ్చు నుంచి విడదీయడానికి పూసిన మైనం ఉంటుంది, అది బాగా కడక్కపోతే ప్రైమర్ పొరలు పొరలుగా లేస్తుంది. సూది రంధ్రాలు పుట్టీతో పూడ్చి ప్రైమర్ కొట్టి, వాటర్ పేపర్‌తో (నీళ్లతో రుద్దే ఉప్పు కాగితం) రుద్ది మళ్లీ ప్రైమర్. మీ కారు కలర్ కోడ్ మాత్రమే చెప్పి ఊరుకోకండి, పాత కారు రంగు ఎండకి కొంచెం వెలిసి ఉంటుంది, షాపుకి కారు తీసుకెళ్లి పక్కన పెట్టి కలపమనండి.

చివరి ఫిట్టింగ్ రోజు వాతావరణం చూసుకోండి. డబుల్ సైడ్ వీహెచ్‌బీ టేపు చలిలో పట్టదు, 21 డిగ్రీల పైన ఉండాలి. అంటించే చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడిచి, గట్టిగా నొక్కాలి. ఇరవై నిమిషాల్లో సగం పట్టు వస్తుంది, పూర్తి పట్టుకి 72 గంటలు, ఆ మూడు రోజులూ కారు కడక్కండి, హైవే ఎక్కకండి. టేపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, కింద అంచుకి స్టెయిన్‌లెస్ స్క్రూలు, వెనక పెద్ద వాషర్లు వేయండి, లిప్పు హైవే మీద ఊడితే వెనకొచ్చేవాడి విండ్‌షీల్డ్‌కి వెళ్లేది అదే. లోహంలోకి డ్రిల్లు కొట్టాల్సొస్తే వెనకాల వైర్లు, పెట్రోల్ పైపులు లేవని చూసుకుని, రంధ్రం అంచుకి పెయింట్ పూసాకే స్క్రూ ఎక్కించండి. జాక్ పెట్టే పాయింట్లని స్కర్టు మూసేయకూడదు. వారం తర్వాత అన్ని స్క్రూలూ ఇంకోసారి బిగించండి.

చాలా కొత్త కార్లలో బ్లైండ్ స్పాట్ రాడార్, అంటే అద్దంలో కనపడని పక్క బండిని పసిగట్టేది, వెనక బంపర్ లోపలే ఉంటుంది. దాని ముందు కార్బన్ ఫైబర్ పెడితే సిగ్నల్ దాటదు, పుట్టీ మందంగా పూసినా ఇబ్బందే.

ఇన్సూరెన్స్ వాళ్లకి కిట్ సంగతి చెప్పండి, మామూలు పాలసీ కంపెనీ పార్టులకే లెక్క కడుతుంది, మిగతావాటికి విడిగా కవరేజీ కొనాలి. టెక్సస్‌లో ముందు నంబర్ ప్లేటు ఉండాల్సిందే, లిప్పు వేశాక దాని చోటు పోకుండా చూసుకోండి. ఇక హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు తన కారుకీ వైడ్ బాడీ వేస్తానంటున్నాడు, వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నా: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా ఆర్‌సీలోని వివరాలు మార్చకూడదు, సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే గట్టిగా చెప్పింది. సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5000 రూపాయల ఫైను, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పైగా అక్కడి స్పీడ్ బ్రేకర్లకి లిప్పు నెల తిరక్కుండా అరిగిపోతుంది.

నా లిప్పుకి మొదటి దెబ్బ తగిలింది రోడ్డు మీద కాదు, గుడి పార్కింగ్‌లో సిమెంటు స్టాపర్‌కి. ఇప్పుడు ఎక్కడికెళ్లినా స్టాపర్‌కి రెండడుగుల ముందే ఆపేస్తా, కారు తోక కాస్త బయటికి ఉన్నా సరే.