చెన్నై మడ బురదలో మైక్రోప్లాస్టిక్‌ని ఇంట్లోనే వెతకడం ఎలా

మడ అడవి అనగానే మనకి కోరింగ గుర్తొస్తుంది గానీ, చెన్నైలో కూడా అడయార్ నది సముద్రంలో కలిసే చోట, ఎన్నూర్ క్రీక్ ఒడ్డున మడ చెట్లున్నాయి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వాటి ఊపిరి వేళ్ల మధ్య నీటి వేగం తగ్గుతుంది, వేగం తగ్గిన చోట ఒండ్రుతో పాటు ఊళ్లోంచి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ కూడా దిగబడిపోతుంది. 5 మిల్లీమీటర్ల లోపు ముక్కల్నే మైక్రోప్లాస్టిక్ అంటారు. కాస్త ఓపిక ఉంటే వాటిని వంటింటి ఉప్పుతోనే బయటికి లాగొచ్చు.

ముందు అనుమతి సంగతి. అటవీ శాఖ కంచె ఉన్న చోట, అడయార్ ఎకో పార్కు లాంటి చోట్ల అడగకుండా తవ్వకండి. వెళ్లేది ఆటు సమయంలో, అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా అయితే నీళ్లు బాగా వెనక్కి పోతాయి. ఈ రెండు చోట్లా మురుగు నీళ్లు కలుస్తాయి కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి. ముదురు నీలం రంగువి కొంటే, వాటి ముక్కేదైనా తర్వాత కనిపించినా గుర్తుపట్టొచ్చు. ఊపిరి వేళ్లని తొక్కొద్దు, అవి విరిగితే చెట్టుకి గాలి అందదు. స్టీలు గరిటెతో పైన 5 సెంటీమీటర్ల బురద మాత్రమే తీసి గాజు సీసాలో వేయండి. నీటి అంచున ఒకటి, వేళ్ల మధ్య ఒకటి, వెనక మెరక మీద ఒకటి, మూడు చోట్ల మూడు సీసాలు చాలు.

ఇంటికొచ్చాక బురదని స్టీలు పళ్లెంలో పరిచి, మీద ఇంకో పళ్లెం కాస్త వారగా పెట్టి, డాబా మీద ఎండబెట్టండి. కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది, వంటింట్లో పెడితే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. ఎండాక చిదిపి 50 గ్రాములు తూచుకోండి. లీటరు నీళ్లలో 360 గ్రాముల ఉప్పు కరిగించి కాఫీ ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. ఈ వడకట్టడం మానేస్తే మొత్తం దండగ, సముద్రపు ఉప్పులోనే మైక్రోప్లాస్టిక్ ఉంటుంది మరి. ఆ బురదని గాజు సీసాలో వేసి, ఈ ఉప్పునీళ్లు పోసి బాగా కలిపి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి, బంకమట్టి అంత త్వరగా అడుగుకి చేరదు. పొద్దున సీసాని గిన్నెలో నిలబెట్టి, నెమ్మదిగా ఇంకొంచెం ఉప్పునీళ్లు పోస్తూ పైన తేలింది గిన్నెలోకి పొర్లిపోయేలా చేయండి, ఇలా మూడుసార్లు. పొర్లిన నీళ్లని కొత్త ఫిల్టర్ పేపర్‌లో వడకట్టి, మంచినీళ్లతో ఒకసారి కడగండి. కడగకపోతే ఎండిన ఉప్పు పలుకులు మెరుస్తూ అచ్చం ప్లాస్టిక్‌లాగే మోసం చేస్తాయి.

ఇక అసలు తలనొప్పి మీ ఒంటి మీది బట్టలు. పాలిస్టర్ చున్నీ, ట్రాక్ ప్యాంట్, పక్కనున్న సోఫా, అన్నీ గాలిలోకి పోగులు వదులుతూనే ఉంటాయి. నూలు బట్టలు వేసుకుని ఫ్యాన్ ఆపేసి కూర్చోండి (చెన్నైలో ఇది చిన్న శిక్షేం కాదు). దాంతో పాటు బురద లేని సీసా ఒకటి పక్కనే పెట్టి, దానికీ అదే ఉప్పునీళ్లు, అదే కలపడం, అదే వడపోత. నా లెక్కలో బురద సీసా కంటే ఈ ఖాళీ సీసానే ముఖ్యం, ఇది లేకుండా ఎవరైనా అంకె చెబితే నేనైతే నమ్మను. బురదలో 9 కనబడి ఖాళీ సీసాలో 4 కనబడితే మీకు మిగిలేది 5, అంటే 50 గ్రాముల లెక్కన కిలోకి 100.

చూడ్డానికి భూతద్దం గానీ ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ గానీ చాలు. పోగు పొడవునా ఒకే మందం, ఒకే రంగు ఉంటే అనుమానించండి. సూది మొనని వేడిచేసి తాకించండి, ప్లాస్టిక్ అయితే కరిగి ముడుచుకుంటుంది, నూలు పోగో ఆకు ముక్కో అయితే కరగదు, మాడుతుంది. ఎన్నూర్ వైపు ఆకుపచ్చ, నీలం పోగులు దొరికితే చేపల వల ముక్కలు కావచ్చు.

ఈ పద్ధతికి అన్నీ దొరకవు. చిక్కటి ఉప్పునీళ్ల సాంద్రత దాదాపు 1.2 (మంచినీళ్లది 1), అంతకంటే తేలికైనవే పైకి తేలతాయి. సంచుల పాలిథిన్, పాలీప్రొపిలీన్, వలల నైలాన్ అందులో తేలతాయి. నీళ్ల సీసాల పెట్, పైపుల పీవీసీ 1.3 పైనే కాబట్టి మట్టితో పాటు అడుగునే ఉండిపోతాయి, పాలిస్టర్ పోగులు కూడా పెట్ కిందికే వస్తాయి. అందుకే మీకొచ్చిన అంకె ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలకి ముందోసారి, తర్వాతోసారి అదే చోట తీసి పోల్చుకోండి, ఒక్కసారి తీసిన అంకె కంటే అది ఎక్కువ చెబుతుంది.

వడకట్టిన కాగితాలు పారేయొద్దు. అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి తేదీ, చోటు, ఆటుపోటు వేళ రాసిపెట్టండి. ఏ రకం ప్లాస్టికో తేల్చాలంటే ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో పదార్థాన్ని గుర్తుపట్టే) యంత్రం కావాలి, అది ఉన్న కాలేజీ ల్యాబ్‌వాళ్లు ముందు అడిగేది ఈ వివరాలే, ఆ తర్వాత ఖాళీ సీసా కాగితం.