సంక్రాంతి పండక్కి బ్యాటు పట్టేవాళ్లు ఇప్పుడే మెట్టెక్కండి

మొన్న ఆదివారం మా ఊరి చేలో ప్రాక్టీసు మ్యాచ్. మా ఓపెనర్ రెండో పరుగుకి తిరిగి ఒక్క అడుగు వేశాడు, ఠప్‌మని చప్పుడు. వెనక్కి తిరిగి "ఎవడ్రా కొట్టింది?" అన్నాడు. వెనక ఎవరూ లేరు. బంతి ఇంకా బౌండరీ దగ్గర ఫీల్డర్ చేతిలోనే ఉంది. మడమ పైన లావుగా చేతికి తగులుతుందే, అది తెగింది. మనం దాన్ని నరం అంటాం గానీ నరం కాదు, పిక్కని మడమ ఎముకకి కట్టే తాడు. డాక్టర్లు ఎకిలిస్ టెండన్ అంటారు.

అతనికి 38 ఏళ్లు, హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు ఉద్యోగం. వేసవిలోనే ఆ మడమ పొద్దున్నే పట్టేసేది. ఫిజియోథెరపీ ఆవిడ వ్యాయామం చెప్పింది. మూడు వారాలు శ్రద్ధగా చేశాడు. నొప్పి పోయింది. మానేశాడు.

ఈ మానేయడం గురించే నేను రాస్తున్నది. పద్దెనిమిదేళ్లుగా మా ఊళ్లో సంక్రాంతి టోర్నమెంట్ నడుపుతున్నాను. ఐసు డబ్బా పట్టుకుని పరిగెత్తేది నేనే. కొత్తగా దెబ్బ తగిలేవాళ్లు తక్కువ. నిరుడు పట్టేసిన తొడే మళ్లీ పట్టేస్తుంది, ముందటేడు బెణికిన చీలమండే మళ్లీ బెణుకుతుంది. అడిగితే అందరిదీ ఒకటే మాట: "తగ్గిపోయింది కదన్నా, మానేశాను."

నొప్పి ముందు పోతుంది, బలం తర్వాత వస్తుంది. ఈ రెంటికీ మధ్య నెలల ఎడం ఉంటుంది. ఆ ఎడంలో మీకు కాలు బాగున్నట్టే ఉంటుంది. నడుస్తారు, మెట్లెక్కుతారు, బండి తొక్కుతారు. పండగ రోజు ఒక్కసారి ఉరికేసరికి అసలు సంగతి బయటపడుతుంది.

మడమ సంగతి. మెట్టు అంచున ముందుపాదాలు ఆనించి రెండు కాళ్ల మీదా లేవాలి. తర్వాత నొప్పున్న కాలి మీదే బరువంతా వేసి, మడమని మెట్టు కిందికి మెల్లగా దించాలి. మోకాలు చాచి 15 సార్ల చొప్పున మూడు విడతలు, కొంచెం వంచి ఇంకో మూడు. రెండు పూటలా. 12 వారాలు. ఈ లెక్క స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరు బృందం 1998లో ప్రకటించింది. మా ఓపెనర్ చేసింది మూడు వారాలు. మిగతా తొమ్మిదీ ఎగ్గొట్టాడు.

తొడ వెనక కండరం ఇంకా మొండిది. ఒకసారి చిరిగినవాడికి మళ్లీ చిరిగే అవకాశం ఎక్కువ. నాది రెండుసార్లు చిరిగింది, రెండోసారి తప్పు పూర్తిగా నాదే. దీనికి వ్యాయామం ఇదీ: మోకాళ్ల మీద నిలబడి, వెనక ఎవరినైనా చీలమండలు గట్టిగా పట్టుకోమని, నడుం వంచకుండా ముందుకి మెల్లగా ఒరగాలి. ఇక ఆపలేమన్నప్పుడు చేతులు నేలకి ఆనించాలి. దీన్ని మానకుండా చేసిన ఫుట్‌బాల్ ఆటగాళ్లలో తొడ గాయాలు దాదాపు సగానికి తగ్గాయని పరిశోధనలు చెబుతున్నాయి. మొదటి వారం అయిదేసి సార్లు రెండు విడతలు చాలు. మర్నాడు కూర్చోవడానికి కూడా ఏడుస్తారు. అందుకే భోగికి ముందురోజు మొదలుపెట్టకండి. నేను చూసినవాళ్లంతా అప్పుడే మొదలుపెడతారు.

నడుం నొప్పి వచ్చి తగ్గినవాళ్లు: నడవండి. ఆస్ట్రేలియాలో అప్పుడే నొప్పి తగ్గినవాళ్లు 701 మందిని తీసుకున్నారు. సగం మందికి నడక నేర్పించారు, వారానికి అయిదు రోజులు, రోజుకి అరగంట దాకా. వాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, మిగతావాళ్లలో సగం మందికి 112. ఇది 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. గమనించారా, మొదలుపెట్టిందే నొప్పి తగ్గాక. మనం మానేసే రోజున వాళ్లు మొదలుపెట్టారు. నడుం బెల్టు పెట్టుకుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు.

చీలమండ పదేపదే మడతపడేవాళ్లు పళ్లు తోముకునేంతసేపు ఒంటికాలి మీద నిలబడండి.

ఇక మిగతావి. వరస చూసుకోలేదు, గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

రాత్రంతా బస్సులో మోకాళ్లు ముడుచుకుని వచ్చి, దిగిన పొద్దున్నే బౌలింగ్ వేయకండి. ఒక రోజు ఆగండి.

పిచ్ ఒక్కటే చదును చేస్తే చాలదు. ఔట్‌ఫీల్డ్‌లో వరి మోళ్లు, గట్లు, బండి చాళ్లు కూడా చూసుకోండి. చీలమండలు పోయేది అక్కడే.

మడమ నొప్పికి ఊళ్లో సూది వేయించుకోకండి. ఆ తాడు దగ్గర స్టెరాయిడ్ సూది పడితే తెగే ప్రమాదం ఉంది.

విరేచనాలకని మందుల షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ మింగకండి. ఈ జాతి మందులు టెండన్లని దెబ్బతీయొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే గట్టిగా హెచ్చరించింది. డాక్టరే రాసిస్తే వాడండి, అన్ని రోజులూ ఆట మానండి.

నొప్పి మాత్ర వేసుకుని దిగకండి.

పట్టేసిన కాలిని ఎవరిచేతా లాగించకండి. తాజా దెబ్బకి కాపడం వద్దు.

ఠప్‌మని వినిపిస్తే లేచి నడిచి చూడొద్దు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, పాదాలు బల్ల అంచు బయటికి ఉంచి, పిక్క నొక్కండి. బాగున్న కాలైతే పాదం కదులుతుంది. కదలకపోతే తాడు తెగినట్టే. పసరు కట్టు కాదు, ఆ రోజే ఎముకల డాక్టరు.

నిరుడు దెబ్బ తగిలినవాడు పండక్కి ముందు ఆరు వారాలూ ఏం చేశాడో చెప్పకపోతే మా జట్టులో పేరు రాయను. బావమరిదైనా సరే.

తగ్గిందని మానకండి. తగ్గినప్పుడే మానకండి.

కనుమ దాటాక బస్సెక్కి వెళ్లిపోతారు, ఏ నొప్పీ ఉండదు. మర్నాడు పొద్దున హైదరాబాద్‌లో మీ అపార్ట్‌మెంట్ మెట్టు మీద మడమ దించుతూ వీడియో పంపండి. పంపనివాళ్లకి నేనే ఫోన్ చేస్తాను.